క్లోమము లేని జీవితము

జీర్ణాశయమునకు వెనుకగా, వెన్నెముకకు ముందుగా, కడుపులో అడ్డముగా పరుండియున్న మెత్తని గ్రంథి క్లోమము. పెద్దవారిలో దీని పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. తూకము 100 గ్రాములకు అటు ఇటుగా నుండును. దీని తల ఆంత్రమూలపు వంపులో ఇమిడియుండును. తోక ప్లీహమువరకు సాగియుండును. ఇది హృదయమువలె కొట్టుకొనదు, ఊపిరితిత్తులవలె కదలదు. అందుచేత చాలకాలమువరకు దీని పని యేమో ఎవరికిని తెలియలేదు. గ్రీకులు దీనికి 'పాంక్రియాస్' అని పేరుపెట్టిరి. 'అంతయు మాంసమే' అని ఆ మాటకు అర్థము. ప్రాచీన వైద్యులలో కొందరు ఇది జీర్ణాశయము ఒరగుటకు ప్రకృతి అమర్చిన దిండు అని తలచిరి.

ఈ గ్రంథిని పూర్తిగా తీసివేసినచో మనుష్యుడు బ్రతుకగలడా? బ్రతికినను, కడుపునిండ తిని, తన పని తాను చేసికొనుచు బ్రతుకగలడా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము లభించుటకు రెండున్నర శతాబ్దములకు పైగా పట్టినది. ఈ చరిత్రలో ఒక విశేషము కలదు. క్లోమము చేయు పని యంతయు తెలిసినదని శాస్త్రజ్ఞులు తలచినప్పుడెల్ల, క్లోమము తీసివేసిన శరీరము వారికి తెలియని మరియొక పనిని బయటపెట్టినది.

బ్రూనర్ కుక్కలు

క్లోమమును తొలగించి చూచిన మొదటివారిలో యోహాన్ కాన్రాడ్ బ్రూనర్ ముఖ్యుడు. ఈయన స్విట్జర్లాండు దేశస్థుడు. ఆ కాలమున కొందరు వైద్యులు క్లోమరసము లేనిదే జీర్ణము జరుగదనియు, సమస్త రోగములకు ఆ రసము చెడుటయే కారణమనియు వాదించుచుండిరి. బ్రూనర్ ఆ వాదమును పరీక్షింపదలచి కుక్కలలో క్లోమమును చాలభాగము కోసివేసెను. కుక్కలు చావలేదు, తిన్నవి, తిరిగినవి. 1683లో ఆయన తన ప్రయోగములను గ్రంథముగా ప్రకటించి, క్లోమము ప్రాణమునకు అత్యవసరము కాదని తేల్చెను.

ఆయన కుక్కలలో అధికమైన దాహమును, మాటిమాటికి మూత్రవిసర్జనమును కూడ గమనించి వ్రాసెను. కాని వాని అర్థమును గ్రహింపలేదు. గ్రంథిలో కొంతభాగము కుక్క శరీరములో మిగిలిపోయినది. ఆ మిగిలిన భాగమే దానిని బ్రతికించినది. క్లోమములో కొద్దిభాగము మిగిలినను చాల పని నెరవేరునని అప్పటికి ఎవరికిని తెలియదు.

కుందేలు చెప్పిన సంగతి

తరువాత నూటయరువది సంవత్సరములకు పైగా గడచినవి. 1840వ దశాబ్దమున పారిస్ నగరములో క్లాడ్ బెర్నార్డు అను శరీరధర్మశాస్త్రజ్ఞుడు మాంసము తినిపించిన కుందేళ్ళ ప్రేవులను పరిశీలించుచుండెను. క్రొవ్వు జీర్ణమై శోషింపబడినప్పుడు ప్రేవులనుండి బయలుదేరు సన్నని శోషరసనాళములు పాలవలె తెల్లబారును. కుందేలులో పిత్తనాళము ఆంత్రమూలపు మొదటిభాగమున కలియును. క్లోమనాళము మాత్రము అంతకు సుమారు ముప్పది సెంటీమీటర్ల దిగువను కలియును. బెర్నార్డు చూచిన కుందేలులో తెల్లని నాళములు పిత్తనాళము కలియు చోట ఆరంభము కాలేదు. క్లోమనాళము కలియు చోటు దాటినతరువాతనే ఆరంభమైనవి.

దీనినిబట్టి క్రొవ్వును జీర్ణము చేయు ముఖ్యశక్తి క్లోమరసములో నున్నదని ఆయన నిర్ణయించెను. అది పిండిపదార్థములను చక్కెరగా మార్చునని, మాంసకృత్తులపై కూడ పనిచేయునని తరువాతి పరీక్షలవలన తెలిసినది. ఆరోగ్యవంతుని క్లోమము దినమునకు ఒక లీటరుకు పైగా ఈ రసమును ప్రేవులలోనికి పంపును. ఇట్లు క్లోమముయొక్క మొదటి పని తెలిసినది. దానితో అందరును తృప్తిపడిరి. గ్రంథిని పూర్తిగా తొలగించినచో కుక్క ఎట్లును బ్రతుకదని బెర్నార్డువంటి మహానుభావుడే తలచుటచే, ఆ ప్రయోగమునకు పూనుకొన్నవారు అరుదైరి.

స్ట్రాస్‌బర్గులో ఒక పందెము

1889లో, అప్పుడు జర్మనీలోను ఇప్పుడు ఫ్రాన్సులోను ఉన్న స్ట్రాస్‌బర్గు నగరమున, ఇద్దరు వైద్యులు గ్రంథాలయములో కలిసికొనిరి. ఒకరు యోసెఫ్ ఫాన్ మేరింగ్. రెండవవారు ఆస్కార్ మింకోవ్‌స్కీ. జీర్ణశక్తి చాలనివారికి ఇచ్చుటకై ఫాన్ మేరింగ్ ఒక నూనెను సిఫారసు చేయుచుండెను. క్లోమరసము లేనప్పుడు నూనె జీర్ణమగునా, కాదా అను చర్చ వచ్చినది. క్లోమము తీసిన జంతువు దొరికినగాని ఈ సంగతి తేలదు. అట్టి జంతువు బ్రతుకదని ఫాన్ మేరింగ్ అనెను. బ్రతికించి చూపుదునని మింకోవ్‌స్కీ అనెను. ఆనాటి సాయంకాలమే ఇద్దరును కలిసి ఒక కుక్కకు శస్త్రచికిత్స చేసిరి. కుక్క బ్రతికినది.

పిమ్మట ఫాన్ మేరింగ్ ఇంటిపనిమీద ఊరు వెడలెను. మచ్చికైన ఆ కుక్క ప్రయోగశాల నేలపై మాటిమాటికి మూత్రము విడుచుచుండుట మింకోవ్‌స్కీ గమనించెను. మూత్రమును పరీక్షింపగా అందులో నూటికి సుమారు 12 పాళ్ళు చక్కెర కనబడినది. కుక్కకు తీవ్రమైన మధుమేహము వచ్చినది! మూత్రముపై ఈగలు మూగుటచేత ఈ సంగతి బయటపడినదని పెక్కు పుస్తకములలో ఒక కథ కనబడును. అది కట్టుకథ, మింకోవ్‌స్కీయే దానిని కాదనెను. అతిమూత్రమును చూడగానే చక్కెరకై పరీక్షింపవలెనన్న వైద్యశిక్షణయే ఇక్కడ పనిచేసినది.

నూనెనుగూర్చి అడిగిన ప్రశ్నకు చక్కెర సమాధానముగా వచ్చినది. తరువాత మింకోవ్‌స్కీ క్లోమపు ముక్కను ముందుగా కుక్క చర్మముక్రింద నాటి, ఆపైన మిగిలిన గ్రంథిని తొలగించెను. అప్పుడు మధుమేహము రాలేదు. నాటిన ముక్కను తీసివేయగానే వచ్చినది. ఆ ముక్కకు ప్రేవులతో ఏ సంబంధమును లేదు గనుక, అది ఏదో పదార్థమును నేరుగా రక్తములోనికి పంపుచున్నదని స్పష్టమైనది. 1869లో బెర్లిను విద్యార్థి పాల్ లాంగర్‌హాన్స్ క్లోమములో చెదరియున్న చిన్న కణసమూహములను వర్ణించియుండెను. వాని పని మాత్రము తనకు తెలియదనెను. 1893లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లాగెస్ వానికి లాంగర్‌హాన్స్ పేరుపెట్టి, ఆ రహస్యపదార్థము వానినుండియే వచ్చుచుండవచ్చునని సూచించెను. ఇది క్లోముముయొక్క రెండవ పని.

ఆకలిచేత చికిత్స

రెండవ పని తెలిసినంతమాత్రమున రోగులకు మేలు కలుగలేదు. 1914 నుండి అమెరికాలో ఫ్రెడరిక్ ఆలెన్ అను వైద్యుడు, క్లోమములో చాలభాగము తీసిన జంతువులపై పరీక్షలు చేసి, మధుమేహరోగులకు అతి తక్కువ ఆహారము పెట్టు పద్ధతిని ప్రచారము చేసెను. శరీరము ఎంత చక్కెరను భరింపగలదో అంతకు మించి ఆహారము పెట్టరాదు. పిల్లలు ఎముకల గూడులై, తూచి యిచ్చిన కూరాకులు తిని, కొన్ని నెలలో, ఒకటి రెండు సంవత్సరములో అధికముగా బ్రతికిరి. రోగము చంపునా, ఆకలి చంపునా అని ఎంచుకొనవలసిన కాలమది. అట్టి దినములలో క్లోమము లేకుండ బాగుగా తిని జీవించుట అనునది ఊహకు కూడ అందని మాట.

కెనడా దేశపు టొరాంటో నగరములో 1921 వేసవిలో ఫ్రెడరిక్ బాంటింగ్ అను శస్త్రవైద్యుడు, ఛార్లెస్ బెస్ట్ అను యువకుడు, ఆచార్య మెక్లియాడ్ ప్రయోగశాలలో పని ఆరంభించిరి. క్లోమము తీసిన కుక్కలకు క్లోమసారమును ఎక్కించగా రక్తములోని చక్కెర తగ్గినది. జేమ్స్ కాలిప్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఆ సారమును శుద్ధిచేసెను. 1922 జనవరి 11న లియొనార్డ్ థాంప్సన్ అను 14 సంవత్సరముల బాలునికి మొదటిసారి సూదిమందు ఇచ్చిరి, ఫలము స్వల్పము. జనవరి 23న కాలిప్ శుద్ధిచేసిన సారమును ఇయ్యగా బాలుని మూత్రములో చక్కెర దాదాపు మాయమైనది. ఇన్సులిన్ లోకమునకు లభించినది. 1923లో బాంటింగ్, మెక్లియాడ్‌లకు నోబెల్ బహుమానము వచ్చినది.

ఇన్సులిన్ ఉన్నను చచ్చిన కుక్కలు

ఇక క్లోమము లేని జంతువు సుఖముగా జీవించునని అందరును ఆశించిరి. టొరాంటోలోనే మెక్లియాడ్, ఆయన సహచరులు క్లోమము తీసిన కుక్కలకు ఇన్సులిన్ ఇచ్చుచు, మాంసము, చక్కెర పెట్టి పోషించిరి. కొంతకాలము అవి బాగుగనే యుండినవి. కొన్ని నెలలు గడువగా చిక్కి, కామెరలు వచ్చి చనిపోవ నారంభించినవి. కోసి చూడగా వాని కాలేయములు క్రొవ్వుతో నిండి పసుపుపచ్చగా ఉబ్బియుండెను. చక్కెర అదుపులోనే యున్నది. అయినను ప్రాణము నిలువలేదు.

వారి ఆహారములో పచ్చి క్లోమమును చేర్చి పెట్టగా కుక్కలు కోలుకొన్నవి. ఈ సంగతి 1924లో ప్రకటింపబడినది. దీని కారణమును వెదకుచు బెస్ట్, ఆయన తోడివారు 1932 నాటికి కోలిన్ అను పదార్థముయొక్క ప్రాముఖ్యమును కనుగొనిరి. పచ్చి క్లోమములోని ఎంజైములు మాంసకృత్తులను విడగొట్టి, కాలేయమును కాపాడు మెథియొనిన్ అను అమైనో ఆమ్లమును విడుదల చేయునని తరువాతి పరిశోధకులు చూపిరి. బెర్నార్డు కుందేలు చెప్పిన సంగతిని లోకము ఇంచుమించు మరచిపోయినది. టొరాంటో కుక్కలు దానిని మరల గుర్తుచేసినవి. సూదిమందు రక్తమును సరిచేయును. కడుపులోని అన్నమును జీర్ణము చేయలేదు. క్లోమము లేనివానికి రెండును కావలెను.

మనుష్యునిపై శస్త్రచికిత్స

క్లోమముపై కత్తిపెట్టుటకు శస్త్రవైద్యులు చాలకాలము భయపడిరి. దాని రసము బయటికి కారినచో చుట్టునున్న కండను, కుట్టువేసిన దారమును కూడ జీర్ణము చేయును. అప్పట్లో వాడుకలోనున్న 'కాట్‌గట్' దారము జంతువుల ప్రేవులతో చేసినది. 1935లో న్యూయార్కులో ఆలెన్ విపుల్ ఈ చిక్కును గుర్తించి, పట్టుదారముతో కుట్లువేసి, క్లోమపు తలను, ఆంత్రమూలమును తొలగించు శస్త్రచికిత్సను ప్రకటించెను. నేటికిని అది ఆయన పేరుతోనే పిలువబడుచున్నది.

మొత్తము గ్రంథిని తీసివేయుట 1942లో జరిగినది. అమెరికాలో రాకీ అను వైద్యుడు కాన్సరురోగికి అట్లు చేయగా రోగి కొద్దిదినములకే మరణించెను. అదే సంవత్సరము మేయో వైద్యాలయములో జేమ్స్ ప్రీస్ట్‌లీ చేసిన శస్త్రచికిత్స ఫలించినది. ఆ రోగి చరిత్ర వింతయైనది. రోగి శరీరములో ఇన్సులిన్ తక్కువ కాలేదు, ఎక్కువైనది. రక్తములో చక్కెర పడిపోయి తెలివితప్పుచుండెను. దానికి కారణమైన కణితి చేతికి దొరకనంత చిన్నది. గ్రంథి నంతను తీసిన తరువాతనే అది లోపల కనబడినది. ఇన్సులిన్ ఎక్కువై బాధపడిన మనిషికి ఆనాటినుండి ఇన్సులిన్‌ను బయటినుండి ఇయ్యవలసి వచ్చినది. ఆ రోగి కోలుకొని చాలకాలము జీవించుటచే, మనుష్యుడు క్లోమము లేకుండ బ్రతుకగలడని రుజువైనది.

మూడవ పని

ఇక్కడ వైద్యులకు మరియొక ఆశ్చర్యము ఎదురైనది. మధుమేహము ముదిరిన రోగులకు కొందరికి దినమునకు 60, 80, అంతకు మించిన యూనిట్ల ఇన్సులిన్ అవసరమగుచుండెను. క్లోమమే లేనివానికి అంతకంటె ఎక్కువ కావలెనుగదా! కాని చాలమందికి 30, 40 యూనిట్లు సరిపోయినవి. అంతేకాదు, కొంచెము ఎక్కువైనచో చక్కెర హఠాత్తుగా పడిపోయి, దానంతట అది లేవకుండెను.

దీని కారణము లాంగర్‌హాన్స్ పుటికలలోనే యున్నది. వానిలోని ఒక రకము కణములు ఇన్సులిన్‌ను తయారుచేయును; మరియొక రకము కణములు గ్లూకగాన్ అను హార్మోనును తయారుచేయును. 1923లో కింబల్, మర్లిన్ అనువారు దీనికి ఈ పేరు పెట్టిరి. 1953లో ఇది స్ఫటికరూపమున వేరుచేయబడినది. రక్తములో చక్కెర తగ్గినప్పుడు గ్లూకగాన్ కాలేయమునకు ఆజ్ఞ ఇచ్చి, అందు నిలువయున్న గ్లైకోజనును గ్లూకోజుగా మార్పించి రక్తములోనికి విడిపించును. ఇన్సులిన్ చక్కెరను దించు చేయి; గ్లూకగాన్ దానిని లేవనెత్తు చేయి. సామాన్య మధుమేహరోగికి రెండవ చేయి కొంతవరకైనను మిగిలియుండును. క్లోమము లేనివానికి రెండు చేతులును లేవు. తక్కువ ఇన్సులిన్ చాలుటకును, చక్కెర పడిపోవు భయము ఎక్కువగుటకును ఇదియే ముఖ్యకారణము.

ఆ భయము ఉత్తమాట కాదు. శస్త్రచికిత్స జయప్రదమైన తరువాత కూడ కొందరు రోగులు చక్కెర పడిపోవుటచే ఇంటివద్ద మరణించిరి. ఈ కారణముచేత చాలమంది వైద్యులు మొత్తము క్లోమమును తీయుటకు వెనుదీసిరి. ఇంటివద్దనే వ్రేలినుండి రక్తపుచుక్క తీసి చక్కెరను కొలుచుకొను సాధనములు, మెరుగైన ఇన్సులిన్, మెరుగైన ఎంజైములు లభించిన తరువాతనే ఆ శస్త్రచికిత్సపై మరల నమ్మకము కుదిరినది. నేడు గ్రంథి యంతటను వ్యాపించిన కణితులకు, మందులకు లొంగని దీర్ఘకాలపు క్లోమశోథకు, వంశపారంపర్యముగా వచ్చు కొన్ని క్లోమవ్యాధులకు దీనిని చేయుచున్నారు.

గొట్టములో ఎంజైములు

ఇన్సులిన్‌ను సూదితో ఇచ్చినట్లు జీర్ణరసమును ఇచ్చుట ఎట్లు? పంది క్లోమమునుండి తీసిన ఎంజైముల పొడి 19వ శతాబ్దమునుండియు మందుల అంగళ్ళలో అమ్మబడుచుండెను. కాని క్రొవ్వును జీర్ణముచేయు లైపేజు జీర్ణాశయపు ఆమ్లములో నశించును. మ్రింగిన మందులో చాలభాగము పని ఆరంభింపకముందే పాడైపోవుచుండెను. 1970వ దశాబ్దపు చివరిభాగమున దీనికి మంచి ఉపాయము దొరికినది. ఎంజైములను చిన్నచిన్న గుళికలుగా చేసి, ఆమ్లములో కరుగని పూత పూసి, గొట్టపుమాత్రలో నింపిరి. జీర్ణాశయములో గొట్టము కరగి గుళికలు అన్నముతో కలిసిపోవును. ప్రేవులలో ఆమ్లము తగ్గిన చోట పూత కరగి ఎంజైములు విడుదలయగును. నేటికిని ఈ మందు పంది క్లోమమునుండియే తయారగుచున్నది. ఈ సంగతి తెలిసికొనగోరు రోగులకు వైద్యులు ముందుగా చెప్పుట ధర్మము.

లైపేజు పనిని పాఠశాలలో చూపవచ్చును. పరీక్షనాళికలో కొంచెము పాలు పోసి, సోడియం కార్బొనేటు ద్రావణమును, రెండు చుక్కల ఫినాల్ఫ్‌థలీనును చేర్చినచో గులాబిరంగు వచ్చును. దానికి లైపేజు ద్రావణమును కలిపి గోరువెచ్చని నీటిలో ఉంచినచో, పాలలోని క్రొవ్వునుండి క్రొవ్వు ఆమ్లములు పుట్టి, రంగు క్రమముగా పోవును. మరియొక నాళికలో ముందుగా మరిగించిన లైపేజును కలిపినచో రంగు పోదు. వేడివలన ఎంజైము చచ్చినది. ఎంజైము గుళికలను వేడి అన్నములో కలుపరాదనుటకు కారణము విద్యార్థులు దీనినిబట్టి గ్రహింపగలరు.

విస్తరివద్ద లెక్క

క్లోమము లేనివారు నేడు ఏమి తినుచున్నారు? ఈ ప్రశ్నకు సమాధానము ఆలెన్ కాలపువారిని ఆశ్చర్యపరచును: ఇంచుమించు అందరు తినునదే. నిషేధము కంటె లెక్క ముఖ్యము.

శస్త్రచికిత్సలో క్లోమముతోపాటు సాధారణముగా ఆంత్రమూలమును, పిత్తాశయమును, ఒక్కొక్కప్పుడు జీర్ణాశయములో కొంతభాగమును, ప్లీహమును తీసివేయుదురు. అందుచేత ఒకేసారి ఎక్కువ తినుట కష్టము. దినమునకు మూడుసార్లు పెద్దభోజనము చేయుటకు బదులు ఐదారుసార్లు కొంచెము కొంచెముగా తినుట మేలు. ప్లీహము లేనివారికి కొన్ని అంటురోగములు తీవ్రముగా వచ్చును గనుక తగిన టీకాలు వేయింతురు.

ఎంజైములను ప్రతి భోజనముతోను తీసికొనవలెను. పెద్దవారికి భోజనమునకు సాధారణముగా 40,000 నుండి 50,000 లైపేజు యూనిట్లతో ఆరంభించి, చిరుతిండికి అందులో సగము ఇత్తురు. అవసరమునుబట్టి వైద్యుడు హెచ్చించును. మొదటి ముద్దతో కొన్ని, నడుమ కొన్ని మ్రింగుట మంచిది. భోజనమునకు అరగంట ముందో, తరువాతనో మ్రింగిన మందు అన్నముతో కలియదు, అది వృథా. మలము జిడ్డుగా, పాలిపోయిన రంగుతో, దుర్గంధముతో నుండి, దేహము చిక్కుచున్నచో ఎంజైములు చాలలేదని గుర్తు. అప్పుడు కొందరు భయపడి నెయ్యి, నూనె మానివేయుదురు. అది పొరపాటు. క్రొవ్వు మానినచో బలము తగ్గును. ఎ, డి, ఇ, కె విటమినులు క్రొవ్వుతోనే శోషింపబడును గనుక వాని లోపము కూడ ఏర్పడును. క్రొవ్వును తగ్గించుటకు ముందు ఎంజైములను సరిచూచుకొనవలెను. ఆ విటమినులను రక్తపరీక్షలతో అప్పుడప్పుడు కొలిపించుకొనుట కూడ అవసరము.

ఇన్సులిన్‌కు, ఎంజైములకు గల సంబంధము ఈ చరిత్ర అంతటికి సారమువంటిది. ఒకడు భోజనమునకు తగినంత ఇన్సులిన్ తీసికొని, ఎంజైములు మరచినాడనుకొందము. అన్నము కడుపులో నున్నది. కాని సరిగా జీర్ణము కాక రక్తములోనికి రాదు. ఇన్సులిన్ మాత్రము తన పని చేయుచునే యుండును. చక్కెర పడిపోవును, దానిని లేవనెత్తుటకు గ్లూకగాన్ లేదు. ఒక్క మాత్ర మరచుటవలన క్లోముముయొక్క మూడు పనుల లోపమును ఒకేసారి అనుభవింపవలసివచ్చును.

అందుకే క్లోమము లేనివారు చక్కెరనో, గ్లూకోజునో ఎల్లప్పుడు దగ్గరనుంచుకొందురు. చెమట, వణకు, తికమక కలిగినచో వెంటనే 15 గ్రాములు, అనగా సుమారు మూడు చిన్నచెంచాల చక్కెరను నీటిలో కలిపి త్రాగి, పదిహేను నిమిషములకు మరల రక్తమును పరీక్షించుకొందురు. తెలివితప్పినవారి నోటిలో ఏమియు పోయరాదు. గ్లూకగాన్ సూదిమందు ఉన్నచో ఇచ్చి, వైద్యసహాయము పిలువవలెను. కనుక ఇంటివారికి, తోడి పనివారికి ఈ సంగతులు తెలిసియుండుట అవసరము. మద్యము కాలేయము గ్లూకోజును విడుదల చేయుటకు అడ్డుపడును గనుక దానిని వర్జింపవలెను.

పుటికలు, యంత్రములు

గ్రంథిని తీసినను పుటికలను మిగుల్చుకొనగలమా? 1967లో పాల్ లేసీ, ఆయన సహచరులు అమెరికాలో ఎలుక క్లోమమును ఒక ఎంజైముతో కరిగించి పుటికలను వేరుచేయు పద్ధతిని ప్రకటించిరి. 1977లో మినెసోటా విశ్వవిద్యాలయపు వైద్యులు క్లోమశోథ రోగి క్లోమమును తొలగించి, దానినుండి పుటికలను వేరుచేసి, కాలేయమునకు పోవు సిరలోనికి ఎక్కించిరి. ఆ పుటికలు కాలేయములో కుదురుకొని ఇన్సులిన్ తయారుచేయగలవు. అవి రోగి సొంతవే గనుక శరీరము వానిని వెలివేయదు. మింకోవ్‌స్కీ కుక్క చర్మముక్రింద నాటిన ముక్కకు ఇది ముదుమనుమడు వంటిది. కాన్సరు ఉన్నవారికి మాత్రము రోగకణములు కూడ పోవునను భయముచే సాధారణముగా ఇట్లు చేయరు.

చర్మముక్రింద నుంచిన సన్నని తీగతో రేయింబవళ్ళు చక్కెరను కొలుచు సాధనములు కూడ వచ్చినవి. ఇన్సులిన్‌ను, గ్లూకగాన్‌ను రెండింటిని తానే లెక్కించి ఎక్కించు యంత్రమును నెదర్లాండ్స్ దేశములో క్లోమము లేని కొద్దిమంది రోగులపై పరీక్షించి, ఫలితములను 2022లో ప్రకటించిరి. చక్కెర హద్దులలో నుండు సమయము పెరిగినది, పడిపోవుట తగ్గినది. పోయిన రెండు చేతులను తిరిగి ఇచ్చుటకు ఇది ఒక ప్రయత్నము.

ఈ జ్ఞానము శస్త్రచికిత్స చేయించుకొన్నవారికి మాత్రమే కాదు. కేరళలోను, దక్షిణభారతమున ఇతర ప్రాంతములలోను పడుచువయసువారిలో క్లోమము రాళ్ళుకట్టి, ఎండిపోయి, మధుమేహమును అజీర్ణమును కలిగించు వ్యాధి ఒకటి కనబడుచున్నది. అట్టివారికి క్లోమము కడుపులోనే యున్నను పని మాత్రము లేదు. వారికి కూడ ఇన్సులిన్‌తోపాటు ఎంజైములు కావలెను. కడుపునొప్పితో చిక్కిపోవుచున్న విద్యార్థికి చక్కెరమందు మాత్రమే ఇచ్చి ఊరకుండినచో టొరాంటో కుక్కల కథయే మరల జరుగును.

ఆరోగ్యవంతుడు ముద్ద నోటిలో పెట్టుకొని మరచిపోవును; తరువాతి పని యంతయు అతనికి తెలియకుండ క్లోమము చూచుకొనును. క్లోమము లేనివాడు అదే ముద్దను కొలిచి, తగిన ఇన్సులిన్ ఎక్కించుకొని, తగిన మాత్ర మ్రింగి, తరువాత చక్కెరను చూచుకొనవలెను. 100 గ్రాముల మాంసపుముద్ద మౌనముగా చేసిన పనిని మనుష్యుని తెలివి మెలకువతో చేయుచున్నది. ఒకనాడు ఆకలియే చికిత్స; నేడు అన్నమును లెక్కతో తినుటయే చికిత్స. ఈ మార్పునకు మూలము ఒక గొప్ప మందు మాత్రమే కాదు. ఇన్సులిన్ ఉన్నను కుక్కలు ఏల చచ్చుచున్నవని ఆగి అడిగిన ప్రశ్న కూడ.